మజిల్ బ్రేక్ ఊడదీసే ముందు బ్యారెల్ ఎక్కడ పట్టుకోవాలో తెలుసుకోండి

పోయిన నవంబర్‌లో టెక్సాస్ హిల్ కంట్రీలో, లానో దగ్గర, ఒక డీర్ లీజు మీద, అంటే జింకల వేటకి అద్దెకి తీసుకున్న భూమిలో, నేనూ మా బావమరిదీ బ్లైండ్‌లో కూర్చున్నాం. బ్లైండ్ అంటే తెలుసుగా, మన పొలంలో మంచెకి నాలుగు వైపులా ప్లైవుడ్ కొట్టి చిన్న కిటికీలు పెట్టినట్టుంటుంది. నా రైఫిల్ .300 విన్ మ్యాగ్ అనే పెద్ద తూటాది, దాని మూతికి మజిల్ బ్రేక్, అంటే తన్ను తగ్గించే రంధ్రాల ముక్క. నేను చెవులకి మఫ్స్ పెట్టుకునే ఉన్నాను, వాడు మాత్రం బైనాక్యులర్ కళ్లకి సరిగ్గా ఆనడం లేదని మఫ్స్ తీసి మెడలో వేసుకున్నాడు, నేను చూసుకోలేదు. కాల్చాను. జింక అక్కడే పడింది, కానీ వాడు చెవులు రెండూ మూసుకుని తల ఊపుతూ పావుగంట అలాగే కూర్చుండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఒకటే మాట: "బావా, నీ తుపాకీ మూతికున్న ఆ జల్లెడ తీసేస్తేనే ఇంకోసారి నీతో వస్తా."

తప్పు వాడిది కాదు. బ్రేక్ చేసే పనే అంత. మందు కాలిన గ్యాసు తూటా వెనకాలే నేరుగా ముందుకి పోకుండా పక్క రంధ్రాల్లోంచి మళ్లిస్తుంది, ఆ తోపుడుకి రైఫిల్ భుజం మీదకి తన్నడం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. కానీ ఆ గ్యాసుతో పాటు చప్పుడు కూడా పక్కకి, వెనక్కి మళ్లుతుంది. మామూలు హంటింగ్ రైఫిలే సుమారు 160 డెసిబెల్స్ దాకా మోగుతుంది, 140 దాటిన ఒక్క పేలుడు చాలు చెవి పాడవడానికి, బ్రేక్ ఉంటే పక్కన కూర్చున్నవాడికి అంతకంటే ఎక్కువే తగులుతుంది. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకి వెళ్లినా, ఆఫ్రికాకి వెళ్లినా చాలామంది గైడ్లు ముందే చెప్తారు, బ్రేక్ తీసి రమ్మని. చెవులు వాళ్లవి కదా, రోజూ అదే పని.

బ్రేక్ తీయడానికి ఇంకో కారణం సప్రెసర్, అంటే మూతికి తగిలించే, చప్పుడు తగ్గించే గొట్టం. దాని మీద ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, ఫారం, వేలిముద్రలు, రిజిస్ట్రేషన్ అన్నీ అలాగే ఉన్నాయి గానీ ఆ పన్ను పోవడంతో చాలామందికి ఆశ పుట్టింది. సప్రెసర్ తగిలించాలంటే ముందు బ్రేక్ ఊడాలి.

తిప్పడం అనేది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకి ముందు చేసేదే అసలు పని, అంటే ఆ బ్రేక్‌ని దేంతో బిగించారో కనిపెట్టడం, బ్యారెల్‌ని ఎక్కడ పట్టుకోవాలో తేల్చుకోవడం. ఈ రెండూ తప్పితే ఎంత మంచి పానా ఉన్నా ఏదో ఒకటి విరుగుతుంది, విరిగేది ఎప్పుడూ ఖరీదైన ముక్కే.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. అమెరికాలో రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకి తక్కువ ఉండకూడదు, మొత్తం పొడవు 26కి తగ్గకూడదు. 1934 నాటి చట్టం ఇది. కొన్ని రైఫిళ్లకి అసలు బ్యారెల్ 14.5 అంగుళాలే ఉంటుంది, బ్రేక్‌ని పిన్ కొట్టి వెల్డ్ చేసి 16 దాటించి అమ్ముతారు. శాశ్వతంగా అతికించిన ముక్క కాబట్టి దాన్ని కూడా బ్యారెల్ పొడవులో కలిపి కొలుస్తారు. అలాంటిది ఊడదీసిన క్షణంలో మీ చేతిలో ఉన్నది షార్ట్ బ్యారెల్ రైఫిల్, ముందుగా అనుమతి లేకపోతే అది ఫెడరల్ నేరం. దీనికి కూడా పన్ను సున్నా అయింది కదా అని ధైర్యం చేయకండి, ఊడదీయకముందే అనుమతి చేతికి రావాలి. చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ హంటింగ్ రైఫిళ్లకి 22, 24, 26 అంగుళాలు ఉంటాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు. అయినా టేపు పెట్టి చూసుకోవడానికి పోయేదేముంది.

ఇంకో మాట, ఇది మనవాళ్లకి. హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా అయితే తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. వేట నవంబర్‌లో కదా, అప్పుడు తీసుకుందాంలే అనుకుంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రైఫిల్ బీరువాలోనే ఉంటుంది, లైసెన్స్ మాత్రం ఉండదు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

సరే, పనిలోకి వద్దాం.

మ్యాగజైన్ తీయండి. బోల్టు వెనక్కి లాగి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమండి. చీకట్లో కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు. తర్వాత బోల్టు పూర్తిగా బయటికి తీసేసి తూటాల డబ్బాతో పాటు వేరే గదిలో పెట్టండి. ఎందుకింత పట్టుదల అంటే, ఈ పనిలో తుపాకీ మూతికి దగ్గరగా మొహం పెట్టక తప్పదు, మామూలుగా ఎప్పుడూ చేయకూడని పని అది. బోల్టు లేకపోతే అది ఒట్టి ఇనుప గొట్టం. బోల్టు తీస్తే ఇంకో లాభం కూడా ఉంది, వెనక నుంచి బోరులోకి, అంటే బ్యారెల్ లోపలి గొట్టంలోకి, చూడొచ్చు, చివర్లో ఆ అవసరం పడుతుంది.

ఇప్పుడు మంచి లైటు పెట్టుకుని బ్రేక్‌ని చుట్టూ తిప్పి చూడండి. తొందరపడకండి, పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. బ్రేక్‌కీ బ్యారెల్‌కీ మధ్య గీత ఎక్కడుందో చూడండి. కొన్ని కంపెనీలు ఆ అతుకు కనపడకుండా నున్నగా సానపట్టి ఒకే రంగు వేస్తాయి, గోరు పెట్టి గీకితే తెలుస్తుంది. అడుగు వైపు చిన్న అలెన్ స్క్రూ ఉందేమో చూడండి, ఒక్కోసారి దాని నెత్తిన మసి, పెయింటు నిండిపోయి చిన్న గుంటలాగే కనిపిస్తుంది. నేను ఒకసారి ఈ స్క్రూ చూసుకోకుండా అరగంట సేపు పానాతో కుస్తీ పట్టాను. అదృష్టం బాగుండి మరలు పోలేదు. క్లాంప్ రకమైతే అడుగున చీలిక, దానికి అడ్డంగా రెండు స్క్రూలు ఉంటాయి, అవి వదులు చేస్తే చాలు, చేత్తోనే తిరుగుతుంది.

బ్రేక్ వెనకాల సన్నటి నట్టు ఉంటే అది లాక్ నట్టు. ముందు దాన్ని వదులు చేయాలి, బ్రేక్‌ని కాదు. రెండు పానాలు కావాలి, ఒకటి బ్రేక్‌ని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టుని బ్యారెల్ వెనక వైపుకి తిప్పడానికి. నట్టు కాస్త కదిలిందంటే బ్రేక్ వేళ్లతో ఊడి వస్తుంది. నా ఓటు ఈ రకానికే, మళ్లీ బిగించేటప్పుడు కూడా సుఖం. నట్టు కాకుండా గిన్నె అంచులా వంపు తిరిగిన వాషర్ ఉంటే అది క్రష్ వాషర్, బిగించినప్పుడు నలిగి పట్టు ఇచ్చేది. పలచటి రేకు లాంటి ఉంగరాలు ఒకటో రెండో ఉంటే షిమ్‌లు, వాటిని పారేయకండి.

పక్కన గుండ్రంగా, చిన్న బొట్టులా వెల్డ్ గుర్తు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అది పిన్ కొట్టి మూసిన చోటు. తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి, ఇంట్లో డ్రిల్లు పట్టుకుని చేసే పని కాదు.

ఇక గమ్ము. అతుకు దగ్గర ఎర్రటి లేదా నీలం పొడి పెళ్లలు కనిపిస్తే లాక్‌టైట్ లాంటిది రాశారని అర్థం. తెల్లగా గట్టిగా సున్నం పెళ్లలా ఉంటే రాక్‌సెట్ అని ఒకటుంది, అది కావచ్చు. ఏమీ కనపడకపోయినా లోపల ఉండొచ్చు. కొత్త రైఫిల్ అయితే కంపెనీ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, ఒక మెయిల్ పెట్టినా చెప్తారు. సెకండ్‌హ్యాండ్ అయితే మాత్రం వెనకటి ఓనరు ఏం పూశాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు పట్టుకోవడం. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే రైఫిల్‌ని కర్ర (భుజానికి ఆనించే స్టాక్) దగ్గరో, యాక్షన్ (బోల్టు కదిలే ఇనుప భాగం) దగ్గరో పట్టుకుని మూతి దగ్గర పానా వేసి లాగడం. ఒకసారి బుర్ర పెట్టి ఆలోచించండి, యాక్షన్‌లోకి బ్యారెల్ కూడా మరలతోనే బిగిసి ఉంటుంది, అది కూడా కుడి మరే, అంటే కుడికి తిప్పితే బిగిసేదే. మూతి వైపు నుంచి చూస్తే బ్రేక్ ఊడే దిక్కూ, యాక్షన్ నుంచి బ్యారెల్ ఊడే దిక్కూ ఒకటే. మీరు యాక్షన్ పట్టుకుని మూతి తిప్పితే ఆ రెండింటిలో ఏది వదులుగా ఉంటే అది తిరుగుతుంది. తిరిగింది బ్యారెల్ అయితే హెడ్‌స్పేస్, అంటే చాంబర్‌లో తూటా కూర్చునే కొలత, మారిపోతుంది, ఆ రైఫిల్‌ని గన్‌స్మిత్ కొలిచి చెప్పేదాకా కాల్చకూడదు. అందుకే బ్యారెల్‌నే పట్టుకోవాలి, అదీ బ్రేక్‌కి దగ్గరగా, మూడు నాలుగు అంగుళాల లోపు. జాగ్రత్త కోసం యాక్షన్, బ్యారెల్ కలిసే చోట రెండింటి మీదా పడేలా మార్కర్‌తో ఒక సన్నటి గీత గీయండి. పని మధ్యలో ఆ గీత విరిగినట్టు కనిపిస్తే అక్కడే ఆపేయాలి.

బెంచికి బిగించిన గట్టి వైస్ కావాలి, ఇనుప పళ్లతో నేరుగా పట్టకూడదు. ఓక్ చెక్క ముక్కలో బ్యారెల్ లావుకి సరిపడా రంధ్రం వేసి, నిలువుగా రెండుగా కోసి, లోపల తోలు అంటించి వాడతాను నేను. పాత బెల్టు ముక్క చాలు. జారుతుంటే రోజిన్ పొడి చల్లండి, వయొలిన్ వాయించేవాళ్లు కమానుకి రాసేది, అదే. బయట కొనుక్కోవాలంటే నైలాన్, అల్యూమినియం బ్లాకులు దొరుకుతాయి. బ్యారెల్ మూతి వైపుకి సన్నబడుతూ పోతుంది కాబట్టి చెక్క ఒకవైపే ఆనుతుంది, తోలు ఆ తేడాని సర్దేస్తుంది. కర్ర కింద గాలిలో వేలాడకూడదు. నేను సోనా మసూరి బియ్యం చిన్న సంచి పెడతాను, ఇసుక సంచి కంటే మెత్తగా సర్దుకుంటుంది, అడిగితే మా ఆవిడకి చెప్పొద్దు.

కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ అయితే ఈ పద్ధతి పనికిరాదు. కార్బన్ మీద వైస్ బిగిస్తే లోపల పొరలు చిట్లుతాయి, బయటికి కనపడదు కూడా. మూతి దగ్గర ఇనుము బయటపడి ఉన్న చిన్న భాగం ఉంటుంది, అక్కడే పట్టుకోవాలి, లేదా కంపెనీ ఎలా చెప్తే అలా. దానికి మంట కూడా చూపించొద్దు, ఆ పొరల్ని పట్టి ఉంచేది జిగురే.

ఇప్పుడు నూనె, వేడి, నీళ్లు. ఏ గమ్ముకి ఏది అనే దగ్గరే నేను ఒక శనివారమంతా పోగొట్టుకున్నాను.

గమ్ము లేదు, ఒట్టి మసి, తుప్పు పట్టు మాత్రమే అనుకుంటే తుప్పు వదిలించే నూనె అతుకు చుట్టూ వేసి రాత్రంతా వదిలేయండి. మూతి కిందకి ఉండేలా నిలబెట్టండి, లేకపోతే నూనె బోరు గుండా యాక్షన్‌లోకి, ట్రిగ్గర్‌లోకి దిగుతుంది. నీలం లాక్‌టైట్ మామూలుగా పానా బలానికే విరుగుతుంది, మొండికేస్తే హీట్ గన్‌తో రెండు మూడు నిమిషాలు. ఎర్రదానికి 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి, అంటే గ్యాస్ టార్చ్. వేడి బ్రేక్‌కి పెట్టండి, బ్యారెల్‌కి కాదు, బ్రేక్ వ్యాకోచించి వదులవుతుంది, పైగా గమ్ము దాని లోపలే ఉంది. ఆ వేడికి బ్యారెల్ ఉక్కు బలం తగ్గదు గానీ, రంగు మారొచ్చు, బ్లూయింగ్ మీద, అంటే ఉక్కుకి తుప్పు పట్టకుండా ఇచ్చే నీలి నలుపు రంగు మీద, గోధుమ రంగు మచ్చలు పడొచ్చు, పైన వేసిన పూత మాడొచ్చు. ముందు రోజు నూనె వేసి ఉంటే మంట దగ్గరికి తెచ్చే ముందు పూర్తిగా తుడిచేయండి, అది భగ్గున అంటుకుంటుంది. గరాజ్ తలుపు తెరిచి ఉంచండి, ఆ పొగ పీల్చేది కాదు.

రాక్‌సెట్ మాత్రం వీటన్నిటికీ పూర్తిగా తిరగేసిన రకం. అది పింగాణీ జాతి గమ్ము, 1,000 డిగ్రీల పైన వేడిని కూడా తట్టుకునేలా చేసింది, మీ టార్చ్‌కి అది నవ్వుకుంటుంది. నేను కొన్న పాత 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌కి అదే పూసి ఉంది, నాకు తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేడి పెడుతూనే ఉన్నాను, బ్రేక్ మీద ఇంద్రధనుస్సు రంగులొచ్చాయి తప్ప వెంట్రుకవాసి కదల్లేదు. మర్నాడు ఒక గన్‌స్మిత్‌కి ఫోన్ చేస్తే పెద్దాయన నవ్వి ఒకే మాట అన్నాడు: నీళ్లు. రాక్‌సెట్ నీటికి కరుగుతుంది. లోతైన స్టీలు గ్లాసులో మరిగిన నీళ్లు పోసి, బ్రేక్ మునిగేలా రైఫిల్‌ని మూతి కిందకి నిలబెట్టి, నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చుకుంటూ నాలుగు గంటలు, తర్వాత రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున తడి మీదే వైస్‌లో పెట్టి పానా వేస్తే, ఎండిన అప్పడం విరిగినట్టు చిన్న టక్ మని చప్పుడు, అంతే. ఆ గ్లాసు మాత్రం మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు. బ్రేక్ లోపలి మసిలో సీసం ఉంటుంది, కాబట్టి ఏ గిన్నె వాడినా దాన్ని గరాజ్‌కే రాసివ్వండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్లలో నానబెట్టాక బోరు లోపలా బయటా పూర్తిగా ఆరబెట్టి నూనె గుడ్డ తోయకపోతే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు చూస్తారు.

ఏ గమ్మో తెలియకపోతే ముందు నీళ్లు, తర్వాత వేడి, నేనైతే ఇదే వరస పాటిస్తాను. నీళ్లతో చెడేది ఏమీ లేదు, ఆరబెట్టుకోవడం తప్ప. వేడి పెడితే పోయిన రంగు తిరిగి రాదు.

తిప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, బ్రేక్ పై భాగం, బ్యారెల్ పై భాగం కలిసేలా పెన్సిల్ గీత పెట్టండి. మళ్లీ బిగించేటప్పుడు రంధ్రాలు రెండు పక్కలకీ సమంగా ఉన్నాయో లేదో ఈ గీతే చెప్తుంది.

పానా విషయంలో పిసినారితనం వద్దు. బ్రేక్‌కి రెండు వైపులా చదును చేసి ఉంటే ఆ కొలతకి సరిగ్గా సరిపోయే ఓపెన్ ఎండ్ పానా వాడండి, చాలా వాటికి 3/4 అంగుళం సరిపోతుంది. అటూ ఇటూ సర్దుకునే స్క్రూ పానాతో మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. గీతలు పడకుండా లోపల మాస్కింగ్ టేపు రెండు చుట్లు. చదును లేకుండా గుండ్రటి బ్రేక్ అయితే పట్టీ పానా, లేదా రంధ్రాల్లోంచి అడ్డంగా దూరేంత ఇత్తడి కడ్డీ. స్క్రూ డ్రైవర్ దూర్చి తిప్పకండి, రంధ్రం అంచులు చితికిపోతాయి, తర్వాత తూటా ఆ వంకర అంచుకి రాసుకుంటూ పోతుంది.

దిక్కు. మూతి వైపు నిలబడి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి, అంటే ఏ నట్టు ఊడదీసినా ఎలాగో అలాగే. ఇది చాలా తేలికగా అనిపిస్తుంది, కానీ రైఫిల్ వైస్‌లో అడ్డంగా ఉండి మీరు కర్ర వైపు నిలబడితే అంతా తలకిందులవుతుంది. మొదటిసారి నేను వెనకాల నిలబడి, పద్ధతిగా ఎడమకే తిప్పుతున్నాననుకుంటూ బ్రేక్‌ని ఇంకా బిగించాను, మా బావమరిది ఆ ముచ్చట ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్తుంటాడు. అందుకే పక్కన నిలబడి మూతి వైపుకి వంగి చూసుకోండి, టేపు ముక్క మీద బాణం గుర్తు గీసి బ్రేక్‌కి అంటించుకున్నా తప్పులేదు. ఒక మినహాయింపు: ఏకే-47 జాతి రైఫిళ్లు. వాటిలో 14 బై 1 (14 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ ఒక మిల్లీమీటరు ఎడం) ఎడమ మర మామూలు, ఆ యాక్షన్ మీదే చేసిన వేట రైఫిళ్లు కూడా ఉన్నాయి, వాటికి దిక్కు తిరగేయాలి.

బలం ఒక్కసారిగా ఊపి పెట్టకండి. ముందు పానా మీద బరువు నిలకడగా పెంచుతూ పోండి. కదలకపోతే పానా చివర రబ్బరు సుత్తితో ఒక్క చిన్న దెబ్బ, పొట్టి దెబ్బ. పట్టు వదిలించడంలో గంట సేపు లాగిన దానికంటే ఆ ఒక్క దెబ్బ పనిచేస్తుంది. పానాకి పైపు తొడిగి పొడుగు చేయాల్సి వస్తోందంటే మీరు ఏదో చూసుకోలేదని అర్థం, స్క్రూనో, గమ్మో, వెల్డో. ఆగి మళ్లీ లైటు పట్టుకుని చూడండి. చెక్క బ్లాకుల్లో బ్యారెల్ జారి తిరుగుతుంటే వెంటనే ఆపాలి, లేకపోతే బ్యారెల్ మీద చుట్టూ మెరుపు గీతలు పడతాయి.

ఒకసారి కదిలాక మిగతాది చేత్తోనే తిప్పండి. కరకరలాడుతుంటే మరల్లో మసి, గమ్ము పొడి ఉన్నట్టు, కాస్త నూనె వేసి ముందుకి వెనక్కి ఆడిస్తూ తీయండి. బలవంతంగా లాగితే మరలు పీక్కుపోతాయి.

ఊడింది. ఇప్పుడు క్రష్ వాషర్ ఉంటే అది మరలకి కరుచుకుని అక్కడే ఉంటుంది, దాన్ని కూడా నట్టు తిప్పినట్టు తిప్పి తీసి చెత్తబుట్టలో వేయండి. ఒకసారి నలిగింది ఇంక పనికిరాదు. మరల్ని ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయండి, ఇనుప బ్రష్ వద్దు. మూతి అంచు, దీన్నే క్రౌన్ అంటారు, మొత్తం రైఫిల్‌లో తూటా చివరిగా తాకే చోటు ఇదే, ఇక్కడ చిన్న నొక్కు పడినా గురి పోతుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్ల తీసుకుని బోరు లోపలి నుంచి బయటికి అంచు మీదుగా చుట్టూ లాగండి, ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. అది మీరు ఆకురాయి పెట్టి రుద్దే పని కాదు, గన్‌స్మిత్ చూసుకోవాలి.

మరల్ని బోడిగా వదిలేయకండి. థ్రెడ్ ప్రొటెక్టర్ అని చిన్న టోపీ ఉంటుంది, అది వేయాలి. కొలత చూసుకుని కొనండి. .30 క్యాలిబర్లకి (తూటా లావు అంగుళాల్లో) మామూలుగా 5/8 బై 24, అంటే 5/8 అంగుళం లావు, అంగుళానికి 24 మరలు, .223 లాంటి చిన్న వాటికి 1/2 బై 28. కానీ ఇది చట్టమేమీ కాదు. బ్రౌనింగ్ ఎక్స్‌బోల్ట్ సన్న బ్యారెళ్లలో 13 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంటుంది, యూరప్ రైఫిళ్లలో 14 బై 1, 15 బై 1 కూడా కనిపిస్తాయి, కొన్ని సన్నటి .30 క్యాలిబర్ బ్యారెళ్లకి 1/2 బై 28 కూడా ఉంటుంది. ఈ చివరిది ప్రమాదం, ఎందుకంటే .22 రకాల కోసం చేసిన బ్రేక్, సప్రెసర్ దీనికి చక్కగా ఎక్కేస్తాయి, మర కలిసింది కదా అని కాలిస్తే తూటా లావు, రంధ్రం సన్నం. కాబట్టి మర కొలతతో పాటు రంధ్రం కొలత కూడా చదవండి.

టోపీ వేసి చేత్తో గట్టిగా బిగించి, నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క. తర్వాత వెనక నుంచి బోరులోకి చూడండి, మూతి వైపు లైటు పెట్టి. అంచు చుట్టూ ఒకే మందంలో గుండ్రంగా వెలుతురు కనపడాలి. ఒక పక్క చంద్రవంకలా కనిపిస్తే టోపీ వంకరగా ఎక్కింది, తీసి మళ్లీ వేయండి. సప్రెసర్ వేసేవాళ్లకి ఈ చూపు ఇంకా ముఖ్యం. దాని వెనక క్రష్ వాషర్ ఎప్పుడూ పెట్టకూడదు, అది సమంగా నలగదు, సప్రెసర్ వెంట్రుకంత వంగినా తూటా లోపలి పలకలకి తగులుతుంది.

ఇక రేంజికి వెళ్లక తప్పదు. బ్రేక్ చిన్న ముక్కే గానీ బ్యారెల్ కొసన ఉన్న బరువు అది, తీసేస్తే బ్యారెల్ వణికే తీరు మారిపోతుంది, తూటా పడే చోటూ మారుతుంది. ఎటు మారుతుందో ముందే చెప్పలేం. నాది 100 గజాల దగ్గర రెండున్నర అంగుళాలు కిందకి, కాస్త కుడికి పోయింది, స్నేహితుడి రైఫిల్ దాదాపు కదల్లేదు. మూడేసి తూటాల గ్రూపులు కాల్చి స్కోప్ సర్దుకోండి, 20 తూటాల డబ్బా ఒకటి దీనికే అనుకోండి. ఐదు తూటాలకోసారి టోపీ వదులైందేమో వేలితో చూడండి.

మొదటి తూటాకి మీ భుజానికి కొత్త పరిచయం అవుతుంది. ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్‌లో .300 విన్ మ్యాగ్, 180 గ్రెయిన్ల బరువున్న తూటాతో సుమారు 25 అడుగు పౌండ్లు తన్నుతుంది, .308 అయితే 18 దాకా. ఇన్నాళ్లూ బ్రేక్ దీంట్లో సగం మింగేసింది. కర్రని భుజానికి గట్టిగా ఆనించండి, కన్ను స్కోప్‌కి మరీ దగ్గర పెట్టకండి, లేకపోతే కనుబొమ మీద అరచంద్రం అచ్చు పడుతుంది. నాకు ఒకటి ఉంది, ఆఫీసులో తలుపు తగిలిందని చెప్పాను. బ్రేక్ పోయింది కదా అని మఫ్స్ మానేయకండి, 160 డెసిబెల్స్ ఎక్కడికీ పోలేదు.

మళ్లీ ఎప్పుడైనా బ్రేక్ పెట్టాలంటే కొత్త క్రష్ వాషర్ లేదా లాక్ నట్టు, సుమారు 20 అడుగు పౌండ్ల టార్క్, పెన్సిల్ గీత కలిసేలా. కొన్ని రైఫిళ్లతో కంపెనీయే ఈ సౌకర్యం ఇస్తుంది. రూగర్ గైడ్ గన్‌తో బ్రేక్, అదే బరువున్న రంధ్రాల్లేని ముక్క, టోపీ మూడూ వచ్చేవి, మార్చినా బరువు మారకూడదని. అది చూసినప్పుడు ఎవరో వేట తెలిసినవాడే ఆలోచించాడనిపించింది.

ఊడిన బ్రేక్‌ని జిప్‌లాక్ కవర్లో వేసి, దాని అలెన్ స్క్రూ కూడా అందులోనే పడేసి, కవరు మీద "5/8-24, రాక్‌సెట్ లేదు, వాషర్ పారేశాను" అని మార్కర్‌తో రాసి క్లీనింగ్ రాడ్ల డబ్బాలో పెట్టాను. మా బావమరిది ఆ కవరు చూసి, కింద తన రాతతో "జల్లెడ" అని రాసి పోయాడు.